నీడలో పుట్టిన బంగారము

కూచిపూడి భాగవతుల భామాకలాపమున ప్రేక్షకులు మొట్టమొదట చూచునది సత్యభామ ముఖము కాదు, ఆమె జడ. ఇద్దరు పట్టుకొన్న తెర వెనుక నిలిచి పాత్రధారి తన జడను తెరమీదుగా ఇవతలికి వేయును. తన్ను మించిన విద్వాంసుడెవ్వడైనను ఆ సభయందున్నచో దానిని కోసివేయవచ్చునని చెప్పకయే చెప్పు సవాలది. అప్పటికింకను ఆమె చూపు లేదు, నవ్వు లేదు, కనుబొమ్మ కదలిక లేదు. సూర్యచంద్రుల బిళ్ళలును నాగుబాము పడగయు కూర్చిన ఆ జడ యొక్కటే దీపకాంతిలో తళతళలాడుచు, సత్రాజిత్తు కూతురి అతిశయమునంతటిని మోయవలసి యుండును. అంతటి బరువును మోయు ఆ బిళ్ళలు బంగారువి కావు. పాత సామగ్రిలోనివి ఇత్తడివి కూడ కావు. బూరుగు వంటి తేలిక చెక్కను చెక్కి, దానిపై రేకును, రంగుకాగితమును, అద్దపు తునకలను అంటించి చేసినవి.

నాటకకర్తను గూర్చియు నటుని గూర్చియు మనము ఎంతయో వ్రాసికొంటిమి. కిరీటము చేసినవానిని గూర్చి వ్రాసికొన్నది స్వల్పము. మన భాష మాత్రము అతని సరకునకు ఒక చక్కని పేరు పెట్టినది: కాకిబంగారము. అభ్రకమునకును తళుకురేకునకును ఆ పేరే చెల్లును. లోకవ్యవహారమున ఆ మాటలో కొంత తిరస్కారము ధ్వనించుట నిజమే గాని, రంగస్థలముపై ఈ కాకిబంగారము చేసిన సేవ అసలు బంగారము చేయలేనిదని నా దృఢమైన విశ్వాసము.

బాల్యమున మా ఊరి గుడి ముందర కురుక్షేత్ర నాటకము ఆడుచుండగా, నేను అడ్డుగా కట్టిన దుప్పటి చాటునుండి లోనికి దూరి, పెట్టెమీద పెట్టియున్న దుర్యోధనుని కిరీటమును ముట్టి చూచితిని. అది అట్ట. లోపలివైపు అంటించిన వార్తాపత్రిక అక్షరములు ఇంకను కనిపించుచుండెను. పిండిబంక వాసన వేయుచుండెను. గుట్టు తెలిసినదన్న ఉత్సాహముతో తిరిగి వచ్చి చాపమీద కూర్చుంటిని. రారాజు ప్రవేశించెను. కిరీటము మరల బంగారమయ్యెను! అట్టయని చేతికి తెలిసినది, కన్ను ఒప్పుకొనలేదు. ఆనాడు పుట్టిన ఆశ్చర్యమునకు సమాధానము వెదకుచునే ఈ పనివారి చెంత నేను చాలకాలము తిరిగితిని.

పసుపు రంగునకును బంగారమునకును గల భేదమేమి? పసుపు ఎనామిలు పూసిన చెక్కనొకదానిని దీపమునకు ఎదురుగా పట్టి చూడుడు. చెక్కయంతయు పచ్చగా నుండును గాని, దీపము ప్రతిఫలించు చోట మెరుపు తెల్లగా నుండును. ఏలయన ఆ మెరుపు రంగులోనికి ప్రవేశింపక, పైపొర నుండియే తిరిగి వచ్చిన దీపకాంతి. ఇక బంగారు కడియమును అదే దీపమునకు పట్టినచో మెరుపే పచ్చగా నుండును. బంగారము నీలికాంతిని చాలవరకు తనలో ఇముడ్చుకొని, పసుపు ఎరుపు కాంతులను అద్దమువలె తిరుగగొట్టును గనుక దాని మెరుపునకే రంగు కలదు. రెండవ భేదము ఇంతకంటెను ముఖ్యమైనది. రంగు పూసిన చెక్క తనపై పడిన వెలుతురును నలుదిక్కులకును సమముగా చల్లును. మెరుగు పెట్టిన లోహము అట్లు చేయదు. అది తన ఎదుట దీపమున్నచోట మండును, చీకటియున్నచోట నల్లబడును. కడియమును తేరిపారజూచినచో వ్రేలెడు దూరములోనే మిరుమిట్లును మసినలుపును ప్రక్కప్రక్కన నిలిచియుండుట కనిపించును. మన కన్ను లోహమును గుర్తుపట్టునది ఈ హఠాత్తుగా మారు వెలుగునీడల వలననే. కనుక లోహము కానిదానిని లోహముగా చూపదలచినవాడు మెరుపును ఎంత శ్రద్ధతో పెట్టునో, నలుపును అంతకు మించిన శ్రద్ధతో పెట్టవలెను.

ఈ మాట నమ్మశక్యముగా లేనివారు 1957లో వచ్చిన మాయాబజార్ చిత్రమును స్మరింపుడు. రంగులద్దిన ప్రతి 2010లో వెలువడినది గాని, అంతవరకు రెండు మూడు తరములవారు చూచినది నలుపు తెలుపుల చిత్రమే. అందులో పసుపు లేదు. అయినను ఘటోత్కచుని గదయు, శ్రీకృష్ణుని కిరీటమును చూచి, ఇవి బూడిదరంగు వస్తువులేమో యని అనుమానించిన తెలుగువాడు లేడు. పసిడి ఛాయ బొత్తిగా లేకుండగనే పసిడి కనిపించినదన్నచో, ఆ పని చేసినది వెలుగునీడల పొందికయే కదా. నిర్మల్ చిత్రకారులకు సైతము ఈ మర్మము చిరపరిచితము. వారి బంగారు రేఖలు అంతగా జ్వలించుట తరచుగా నల్లని నేలపై వానిని దిద్దుటవలననే.

దీపము మారిన కొలది ఈ విద్యయు మారుచు వచ్చినది. పూర్వము భాగవతులు ఆడినది కాగడాల వెలుతురున. ముఖ్యపాత్ర ప్రవేశించునపుడు కాగడామీద గుప్పెడు గుగ్గిలపు పొడి చల్లుదురు. మంట భగ్గున లేచి, ఒక్క క్షణము పట్టపగలై, మరల తగ్గును. ఆ వెలుగు ఎఱ్ఱనిది, చంచలమైనది. అట్టి వెలుగులో సన్నని రంగుపని వ్యర్థము. చిన్న అద్దపు తునకయు, బేగడరేకును మాత్రము మంట ఊగినప్పుడెల్ల తామును ఊగి ప్రాణము పోసికొనును. మన ప్రాచీన వేషాభరణములలో అద్దములు అంత విరివిగా నుండుటకు కారణము ఈ కాగడాయే యని నాకు తోచును. తరువాత పెట్రోమాక్సు దీపము తెల్లని వెలుగుతో వచ్చెను; పిదప విద్యుద్దీపము వచ్చెను. లండనులోని సవాయ్ నాటకశాల 1881లో సంపూర్ణముగా విద్యుద్దీపములతో వెలిగినప్పటినుండి ప్రపంచమున నాటకపు వెలుగు నిశ్చలమగుట ఆరంభించినది. నిశ్చలమైన దీపము క్రింద చదునుగా అంటించిన అద్దము ఒక్క దిక్కునకే మెరిసి, తక్కిన దిక్కులకు చచ్చిన కన్నువలె నుండును. అందుచేత తెలిసిన పనివాడు తునకలను కొంచెము కొంచెము ఏటవాలుగా, ఒక్కొక్కదానిని ఒక్కొక్క వైపునకు త్రిప్పి అంటించును. నటుడు తల త్రిప్పినపుడు ఒకటి ఆరుచుండగా మరియొకటి వెలుగును. నేడు వెన్నెల దృశ్యములకై నీలి దీపములు వేయుట వాడుక. అవి బంగారు కిరీటమునకు పరమశత్రువులు. బంగారు వన్నె తిరుగగొట్టుటకు కావలసిన పసుపు ఎరుపు కాంతులు అందులో లేవు గనుక కిరీటము మట్టిముద్దయై పోవును. అట్టి దృశ్యములున్న నాటకమునకు కిరీటపు అంచులపై రెండు మూడు వెండిగీతలు దిద్దవలెను. వెండి ఏ రంగు వెలుతురునైనను తిరుగగొట్టగలదు.

అసలు లోహమునే వాడరాదా యని అడుగువారుందురు. ఒక చిన్న లెక్క చూతము. 200 ఘన సెంటీమీటర్ల పరిమాణము గల భుజకీర్తిని గట్టి బంగారముతో పోతపోసినచో, బంగారపు సాంద్రత 19.3 గనుక, అది దాదాపు నాలుగు కిలోలు తూగును. ఇత్తడితో చేసినను కిలోన్నరకు పైమాటే. రెండు భుజములపై రెండు, తలపై కిరీటము, మెడలో హారములు, నడుమున వడ్డాణము ధరించి, తెల్లవారువరకు పద్యములు పాడవలసిన నటుడు మనుష్యమాత్రుడు! అందుచేతనే కొండపల్లి బొమ్మలకును నిర్మల్ బొమ్మలకును ఆధారమైన తెల్లపొణికి వంటి తేలిక కఱ్ఱలు వేషాభరణములకును ఆధారమైనవి. తెలంగాణమునందలి చిందు భాగవతులు తమ కిరీటములను, భుజకీర్తులను తేలిక కఱ్ఱతో తామే చేసికొనుట ఆనవాయితీ. కడప జిల్లా సురభి గ్రామమున వనారస గోవిందరావు కుటుంబమువారు 1885లో కీచకవధతో ఆరంభించిన సురభి నాటక పరంపరయందును కుటుంబమంతయు కలసి తెరలను, సామగ్రిని సమకూర్చుకొనుటయే పద్ధతి. అట్టి ఇండ్లలో అట్టయు, కాగితపు గుజ్జును, పిండిబంకయు వంటసామగ్రివలె నిత్యావసరములు.

ఇక మెరుపు సంగతి. అంగళ్ళలో బంగారు పొడియని అమ్మునది చాలవరకు ఇత్తడి పొడి. రాగియు యశదమును కలిసిన లోహమును సన్నని పొరలు పొరలుగా దంచి చేసినది. ఈ పొడికి సంబంధించిన ఒక కథ పారిశ్రామిక చరిత్రలో ప్రసిద్ధము. 1840 ప్రాంతమున హెన్రీ బెస్సెమర్ అను ఆంగ్లేయుడు, తన సోదరి చిత్రించిన పూలబొమ్మల సంపుటముపై బంగారు అక్షరములు వ్రాయగోరి ఆ పొడిని కొనబోగా, ఔన్సు ఏడు షిల్లింగులు చెప్పిరట. ఇంతయు చేసి అది ఇత్తడియేగదా, ఇంత ధర ఏలయని విచారింపగా, జర్మనీలో దానిని చేతితో నూరుచున్నందుననని తేలెను. అతడు యంత్రములను కల్పించి, ఆ యంత్రముల రహస్యము బయటపడకుండుటకై పేటెంటు కూడ తీసికొనక, నమ్మిన బంధువులను మాత్రమే కర్మాగారమున ఉంచి, దశాబ్దముల తరబడి ఆ పొడిని చేసి ధనవంతుడయ్యెను. ఆ ధనముతో చేసిన ప్రయోగముల ఫలమే 1856లో లోకమునకు వెల్లడియైన అతని ఉక్కు విధానము. రైలుపట్టాలకును వంతెనలకును ఆధారమైన చవుక ఉక్కు, ఒక విధముగా, కాకిబంగారము పెట్టిన పెట్టుబడి.

ఇత్తడి పొడికి ఒక దుర్గుణము కలదు. అందలి రాగి గాలికిని చెమటకును నల్లబడును. పులుపు గుణము గల నూనెలోను వార్నీషులోను కలిపినచో కొలదికాలమునకే పచ్చబడును. కనుక కలిపిన పొడిని డబ్బాలో నిలువయుంచక ఏ రోజునకారోజు కావలసినంత కలుపుకొని, ఆరిన పిమ్మట పైన లక్క వార్నీషు పూత నిచ్చుట మంచిది. వెండి వన్నెకు వాడునది అల్యూమినియపు పొడి. దాని పలుకులు చేపపొలుసులవలె చదునుగా నుండును. వానికి స్టియరిక్ ఆమ్లపు సన్నని పూత నిచ్చుటచేత అవి వార్నీషులో మునుగక పైకి తేలి, ఒకదానిప్రక్క నొకటి పరచుకొని, రేకువలె మెరయును. నేడు అభ్రకపు పలుకులపై ఇతర ఖనిజముల పూత నిచ్చి చేసిన పొడులు వచ్చినవి. అవి నల్లబడవు, పచ్చబడవు. కాకిబంగారమని పేరున్న అభ్రకము మరల ఈ విధముగా తన స్థానమును తాను గైకొన్నదని సంతోషించితిని. ఈ పొడులన్నిటి విషయమునను ఒక్క హెచ్చరిక: ఊపిరితో లోనికి పోయినచో అవి హానికరములు, అల్యూమినియపు ధూళి గాలిలో లేచి నిప్పు తగిలినచో ప్రేలుడు పదార్థమే. ముక్కునకు మంచి ముసుగు కట్టుకొని, దీపము, పొయ్యి, బీడీ దగ్గరలేని చోట పని చేయవలెను.

పని ఎట్లు సాగునో ఒక గదను ఉదాహరణముగా తీసికొని చెప్పెదను. వెదురుబొంగునకు ఒక చివర కాగితపు గుజ్జుతో గుండు నిర్మించి, బాగుగా ఎండనిచ్చి, ఉప్పుకాగితముతో నునుపు చేయుదురు. ఇది తప్పక చేయవలసిన పని. క్రింద గరుకున్నచో పైన ఎంతటి పొడి చల్లినను అది లోహము కాదు, మెరిసెడి గోడ. పిమ్మట నగిషీ. కొండపల్లి పనివారు చింతగింజల పొడియు రంపపు పొట్టును కలిపి మక్కు చేయుదురు. అట్టి ముద్దతో లతలను, కమలదళములను ఉబ్బెత్తుగా తీర్చవచ్చును. నూలుదారమును బంకలో ముంచి చుట్టినచో ఆరిన తరువాత బంగారు తీగపనియే. ఆవాలను, పెసలను వరుసగా అంటించినచో కంసాలి పెట్టిన బొట్టుపూసలు! వంటింటి డబ్బాలలోనుండి సాక్షాత్తు స్వర్ణకారుని పనితనము లేచి వచ్చుట చూచినపుడు నాకు కలిగిన ఆనందము వర్ణింపజాలను.

తరువాత నేలరంగు. బంగారమునకు జేగురు వంటి ఎఱ్ఱని నేల కావలెను. ఐరోపాలో బంగారు రేకు అంటించువారును క్రింద ఎఱ్ఱమట్టినే పూయుదురు. పైపొర అరిగినచోట తెల్ల అట్ట బయటపడక ఎఱ్ఱదనము తొంగిచూచును గనుక, అరుగుదల సైతము పాత నగకు గల వెచ్చదనమువలె కనిపించును. వెండికిని ఇనుమునకును నల్లని నేల. నేలరంగు ఆరిన పిమ్మట పొడిపూత. ఇచ్చటితో పని ముగిసినదనుకొనుట తెలియనివారి తప్పు. ఈ దశలో గద కొత్త డబ్బామూతవలె తళతళలాడుచు, దూరమునకు పసుపు గుమ్మడికాయవలె కనిపించును. ఇప్పుడు పనివాడు నలుపును గోధుమరంగును నీళ్ళవలె పలుచగా కలిపి, గద మొత్తముపై పోసినట్లు పూసి, అది ఆరకమునుపే గుడ్డతో తుడిచివేయును. మిట్టలపైనున్న రంగు పోవును, పల్లములలోనిది నిలుచును. లతల చుట్టును, పూసల మధ్యను, దళముల మొదళ్ళయందును నీడ స్థిరపడును. ఆ మీదట కుంచెను లేత బంగారు వన్నెలో ముంచి, పాతగుడ్డపై దాదాపు అంతయు తుడిచివేసి, ఆ పొడికుంచెతో మిట్టల అంచులను మాత్రమే తాకించును. ఒక్కసారిగా గుమ్మడికాయ గదయగును. నేను ఎన్నిమారులు చూచినను ఈ ఘట్టమున నా మనస్సు పులకించును. ఇంతసేపు మెరుపు చేర్చుచు వచ్చిన వస్తువు, మెరుపును తుడిచి మసి పూసిన తరువాతనే లోహమైనది.

యమధర్మరాజు దండము ఇనుపది. దానికి నల్లని నేలపై గ్రాఫైటు పొడిని, అనగా పెన్సిలు ములికిలోని పదార్థమును, గుడ్డతో గట్టిగా రుద్దిన చాలును. మొరటు పోత ఇనుమునకు నేలరంగులోనే కొంచెము సన్నని ఇసుక కలుపుదురు. పాడుపడిన గుడిలోని కంచు గంటకు పల్లములయందు చిలుము కనిపించవలెను. పలుచని లేత పచ్చరంగు అక్కడక్కడ జారినట్లు దిద్దుదురు, మిట్టలు మాత్రము చేతులు తగిలి మెరిసినట్లుండవలెను. బంగారము తుప్పు పట్టదు, చిలుమెక్కదు. కనుక రారాజు కిరీటపు పల్లములలో పచ్చదనమున్నచో అది అజ్ఞానము. ఒక్కొక్క లోహమునకు ఒక్కొక్క వార్ధక్యము కలదు. దానిని గమనింపక, ఒకే డబ్బాలోని బంగారు వన్నెను రాముని కిరీటమునకును రావణుని కిరీటమునకును సింహాసనమునకును గదకును పిచికారి చేసి పంపుట నేడు పలుచోట్ల చూచుచున్నాను. చూచినప్పుడెల్ల మనస్సు కలుక్కుమనును. అడవిలో పండ్రెండేండ్లు తిరిగిన భీముని గదయు, కొలువుకూటమున పూజలందుకొన్న సుయోధనుని గదయు ఒకే తీరున మెరయునా?

మచిలీపట్టణమున చిలకలపూడి గిల్టునగలను తలపకుండ ఈ ప్రస్తావన సాగదు. అచ్చట రాగి ఇత్తడుల నగలపై పలుచని బంగారు పూత పట్టించి చేయు నగలు తెలుగుదేశమంతటను పేరుపొందినవి. నాట్యకత్తెలు అట్టి నగలను కోరి ధరించుచున్నారు. చిన్న వేదికకును, దగ్గరగా చూచు కెమెరాకును అవి ఎంతయు తగినవి. అందున్నది నిజమైన బంగారపు ఉపరితలమే గనుక వన్నెలో లోపముండదు. కాని వెనుక వరుసలోని ప్రేక్షకునకు సన్నని నగిషీ కనబడదు. దూరమునకు కావలసినది పెద్ద రూపము, లోతైన నీడ. కావున చిలకలపూడి విద్యయు, కఱ్ఱ కిరీటపు విద్యయు ఒకదానికొకటి పోటీ కావు. ఒకటి మూరెడు దూరమునకు, మరియొకటి నూరడుగుల దూరమునకు.

ఈ పని ముగిసినదో లేదో దగ్గరనుండి చూచి చెప్పరాదని నాకు నేర్పినవాడు ఒక వృద్ధుడు. డ్రస్సు కంపెనీలో నలుబది ఏండ్లు కిరీటములు దిద్దినవాడు. నాటకము మొదలగుటకు గంట ముందు వేదికపై కుర్చీ వేయించి, దానిపై కిరీటము నుంచి, దీపములన్నియు వేయించి, తాను మెల్లగా నడచుకొనుచు పందిరి చిట్టచివరకు పోయెడివాడు. అచ్చట చాప చివర కూర్చుండి, తల ఒకసారి ఇటును ఒకసారి అటును వంచి, చాలసేపు చూచెడివాడు. పిమ్మట అంతదూరమును తిరిగి నడచివచ్చి, జేబులోని చిన్న సీసా మూత తీసి, కిరీటపు నడిమి కలువరేకు మొదట ఒక్క చుక్క నలుపు పెట్టి, మరల పందిరి చివరకు బయలుదేరెడివాడు.